నియమగ్రంథంలో జంతుచిత్రణ: ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో బ్యాడ్జర్ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత్రపోషణ క్రీడల నియమగ్రంథాలు ఆటను నడిపించడంతోపాటు ప్రాణులను వర్ణిస్తాయి, వాటికొక స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడవ, ఐదవ కూర్పులలో బ్యాడ్జర్ చిత్రణను పోల్చి, అంకెల వెనుకనున్న దృక్పథాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాత్రపోషణ క్రీడ, నియమగ్రంథం, జంతుచిత్రణ, బ్యాడ్జర్, ఆగ్రహం, బొరియ.

1. ఉపోద్ఘాతం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. బల్ల చుట్టూ కూర్చొని పాచికలతో ఆడే ఈ ఆటలో ఒకరు డంజన్ మాస్టర్‌గా కథను నడుపుతారు; మిగిలినవారు పాత్రధారులు. వారికి ఎదురయ్యే ప్రాణుల లక్షణాలను ‘మాన్‌స్టర్ మాన్యువల్’ నిర్దేశిస్తుంది. అందులో డ్రాగన్ల సరసన తోడేలు, ఎలుగుబంటి, బ్యాడ్జర్ వంటి నిజజంతువులకూ చోటుంది. డ్రాగన్‌కు లోకంలో మూలం లేదు కనుక దానినెలా చిత్రించినా చెల్లుతుంది. నీటికుక్క కుటుంబానికే చెందిన బ్యాడ్జర్ మాత్రం ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికాలలో బొరియలు తవ్వుకొని బతుకుతున్న ప్రాణి. కాబట్టి దాని చిత్రణను యథార్థంతో సరిపోల్చి ప్రశ్నించవచ్చు.

2. మూడవ కూర్పు: ఆగని ఆగ్రహం

మూడవ కూర్పుకు 2003లో వచ్చిన సవరణ ప్రతి ప్రకారం, పోరులో గాయపడిన బ్యాడ్జర్ తన తరువాతి వంతులో ఉన్మత్తమైన ఆగ్రహానికి లోనవుతుంది. బలం 4, దేహదార్ఢ్యం 4 పెరుగుతాయి. రక్షణ 2 తగ్గుతుంది. తానో ప్రత్యర్థో మరణించేవరకు అది పోరాడుతూనే ఉంటుంది. ఆ ఆగ్రహాన్ని తనంతట తాను విరమించుకోలేదు.

బార్బేరియన్ అనే వీరుని ఆగ్రహానికి కూడా మొదటి స్థాయిలో ఇవే హెచ్చుతగ్గులున్నాయి. అయితే వీరుడు తన ఆగ్రహవేళను తానే ఎంచుకుంటాడు, కోరుకుంటే ముందే ముగిస్తాడు. ఒకే ఉద్వేగం మనిషికి శక్తిగా, జంతువుకు విధిగా మారింది. ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటుంది. బ్యాడ్జర్ ఆగ్రహానికి ముందు ఎవరో దానిని గాయపరచాలి. అంటే నియమంలోనే తొలి దోషి పేరు దాగి ఉంది. వర్ణన మాత్రం బాధితుని ఉన్మాదం గురించే మాట్లాడుతుంది.

3. ఐదవ కూర్పు: కుదించిన దేహం

2014 నాటి ఐదవ కూర్పులో ఆగ్రహం తొలగిపోయింది. బ్యాడ్జర్ ప్రాణబలం సగటున 3, బలం 4, కాటుకు కలిగే నష్టం 1. పిల్లి, ఎలుకల వలె దీనిని కూడా అతిచిన్న ప్రాణుల తరగతిలో చేర్చారు. పిల్లి బలం 3 కాగా బ్యాడ్జర్‌ది దానికంటే ఒక్క అంకె మాత్రమే ఎక్కువ. గట్టినేలను ముంగాళ్లతో పెళ్లగించే జంతువుకు ఇది న్యాయమైన కొలత కాదు.

అయినా ఈ కూర్పు రెండు సత్యాలను నిలుపుకొంది: తీక్షణమైన ఘ్రాణశక్తి, నేలను తవ్వుతూ సాగే గమనం. ఐరోపా బ్యాడ్జర్ రాత్రివేళ వాసన పట్టి ప్రధానంగా వానపాములను తిని బతుకుతుంది. ఆ బతుకుకు పనికివచ్చేవి ఈ రెండే. మూడవ కూర్పు నాటకీయతను సాధించింది. ఐదవది నాటకీయతను వదులుకొని జంతువుకు కొంత చేరువైంది.

4. ప్రత్యర్థి నుండి పాత్రధారికి

ఇదే కూర్పులో డ్రూయిడ్ రెండవ స్థాయిలో రూపాంతర విద్యను పొందుతాడు. భారీ బ్యాడ్జర్ రూపం అప్పుడే అతనికి అందుబాటులో ఉంటుంది. ఎగిరే, ఈదే జంతువులకు ఆ స్థాయిలో నిషేధముంది కాని తవ్వే జంతువులకు లేదు. తాను లోగడ చూసిన జంతువుగానే మారగలడన్న నిబంధన అర్థవంతమైనది. రూపం ధరించడానికి ముందు దర్శనం కావాలి. అడవి నోమ్‌లు బ్యాడ్జర్లను ముద్దుగా పెంచుకుంటారనీ, చిన్న జంతువులతో భావాలు పంచుకోగలరనీ అదే కూర్పులోని ఆటగాళ్ల గ్రంథం చెబుతుంది. ప్రాణుల గ్రంథంలో శత్రువుగా నమోదైన జంతువు ఈ గ్రంథంలో దేహంగా, నేస్తంగా మారుతోంది. ఆటగాడు నేల కిందికి దిగి వాసనతో దారి వెదికినప్పుడే ఆ అంకెలకు అనుభవం తోడవుతుంది.

5. చిత్రణ వెనుక చరిత్ర

బ్రిటన్‌లో కుక్కలను ఉసిగొల్పి బ్యాడ్జర్‌ను పోరాడించే క్రూరవినోదం ఉండేది. 1835 నాటి చట్టం దానిని నిషేధించింది. ఆంగ్లంలో ఆ జంతువు పేరు ‘వేధించడం’ అనే అర్థంలో క్రియగా వాడుకలో ఉంది. వేధింపబడిన దాని పేరే వేధింపుకు పేరైంది. పారిపోయే దారి లేక చివరిదాకా పోరాడే బ్యాడ్జరే ఆ వినోదానికి కావలసిన బ్యాడ్జర్. మూడవ కూర్పు రచయితలు ఆ వినోదాన్ని ఉద్దేశించారని చెప్పనవసరం లేదు. వారి నియమం ఆ దృశ్యాన్నే జంతువు సహజస్వభావంగా నమోదు చేసిందన్నది పాఠం చెబుతున్న విషయం.

పోరాటం ప్రధానమైన ఆటలో ఇంతకంటే వివరం అనవసరమన్న వాదన ఉండవచ్చు. కాని పారిపోవడం, దాగడం కూడా పోరులో భాగాలే. 1992 నాటి బ్రిటిష్ చట్టం బ్యాడ్జర్‌తోపాటు దాని బొరియకూ రక్షణ కల్పించింది. తరతరాలు వాడుకునే ఆ ఇంటి నుండి ప్రాణిని విడదీసి చూడలేమని చట్టం గుర్తించింది. ఈ రెండు కూర్పుల అంకెలలో తవ్వే వేగముంది, ఇల్లు లేదు.

6. ముగింపు

మూడవ కూర్పు బ్యాడ్జర్‌కు ఆగ్రహాన్నిచ్చి వెనుదిరిగే దారిని మూసింది. ఐదవది ఆగ్రహాన్ని తీసివేసి బలాన్ని కూడా తగ్గించింది. గాయపడిన బ్యాడ్జర్ తొలుత తన బొరియకు చేరుకోజూస్తుందని, దారి మూసుకుపోతేనే తిరగబడుతుందని ఒక్క వాక్యం చేర్చినా నియమం భారం కాదు. ఆ వాక్యముంటే దారి విడిచిపెట్టాలా, మూసివేయాలా అన్న నిర్ణయం పాత్రధారుల ముందుకు వస్తుంది. క్రౌర్యం జంతువు లక్షణంగా కాక మనిషి ఎంపికగా బయటపడేది అప్పుడే.