ఫార్వర్డ్ వద్దు, మీ అవ్వ గొంతు పంపండి

మా తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే నియమం. ఎక్కడినుంచో వచ్చింది ఇక్కడికి తోయకూడదు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే పంపాలి.

కరోనాకు బడులు మూతపడిన 2020లో ఈ గ్రూపుల అలవాటు మొదలైంది. ఆ సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు వచ్చేవి. ఏ పాఠం ఎన్నింటికో చెప్పడానికి, హోంవర్క్ ఫొటోలు తెప్పించుకోవడానికి టీచర్లందరం గ్రూపులు పెట్టుకున్నాం. బడి తెరిచాక గ్రూప్ మిగిలింది, దాంతో పని లేకుండా పోయింది. పొద్దున్నే శుభోదయాలు, దేవుడి బొమ్మలు, పది మందికి పంపకపోతే కీడు జరుగుతుందనే బెదిరింపులు. ఒకరోజు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంటూ ఒక ఆడియో కూడా వచ్చింది.

అది విని నాకు చెమటలు పట్టాయి. ఇలాంటి పుకార్లు నమ్మి 2018లో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు. మాకు ఆ ఆడియో వచ్చిన మర్నాడు క్లాసులో దాన్ని వినిపించి మూడే ప్రశ్నలు అడిగాను. ఎవరి గొంతు ఇది? ఏ ఊరు? ఎప్పటిది? ఒక్కదానికీ జవాబు రాలేదు. మా నియమం ఆ రోజు పుట్టింది.

వద్దన్నంత మాత్రాన సరిపోదు కదా, ఏం పంపాలో కూడా చెప్పాలి. నేను తెలుగు చెప్పేవాణ్ని. ఇంట్లో పెద్దవాళ్లను వాళ్ల పని గురించి అడిగి, ఒక్క నిమిషం రికార్డు చేసి పంపమన్నాను. మొదట్లో నాగలి గురించి చాలా వచ్చాయి. కాడి, మేడి, నొగ, కర్రు. పుస్తకంలో 'నాగలి' అనే ఒక్క మాట దగ్గరే ఆగిపోయిన పిల్లలకు దానిలో ఇన్ని భాగాలున్నాయని తెలిసింది.

తర్వాత ఒక అమ్మాయి వాళ్ల అవ్వ గొంతు పంపింది. వెనక కోడి కూత, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. అవ్వ జొన్నల పాతర గురించి చెబుతోంది. గుంత తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవాళ్లట. "పాతర తీసిన్నాడే లోపలికి దిగొద్దు బిడ్డా. నోరు తెరిచి ఇడిసిపెట్టాలె. దీపం దింపి సూడాలె. దీపం ఆరిందంటే మనిషి పాణం గూడ అంతే."

క్లాసంతా నిశ్శబ్దం. మళ్లీ పెట్టండి సార్ అన్నారు. మూడుసార్లు విన్నాం. దీపం ఎందుకు ఆరుతుందని ఒకడు అడిగితే సైన్స్ సార్‌ని పిలుచుకొచ్చాం. గింజ నిల్వలో ఉన్నా ఊపిరి తీస్తూనే ఉంటుంది, లోపలి ఆక్సిజన్ ఖర్చయి కార్బన్ డై ఆక్సైడ్ నిండుతుంది, అది గాలికంటే బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది అని ఆయన బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. గింజకు పురుగు పట్టకపోవడానికీ అదే కారణమట. ఇక నా వంతు. "నిజాన్ని పాతరేశారు" అని పేపర్లో చదివిన పిల్లలకు ఆ మాట ఏ గుంతలోంచి వచ్చిందో అర్థమైంది. ఇంట్లో గేదెలున్న ఒక పిల్లవాడు లేచి, మా నాయన పాతరగడ్డి అంటాడు సార్, అదీ ఇదేనా అన్నాడు. అదే. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఒక మాట క్లాసులో అలా వేళ్లతో సహా కనిపించిన రోజులు తక్కువ.

విన్నాక రాయిస్తాను. టైపు చేయమంటే మా పిల్లలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. అందుకే ఫోన్‌లో గొంతు, నోటుబుక్కులో రాత. 'ఇడిసిపెట్టాలె' అని అవ్వ అన్నది అన్నట్టే రాయాలి, పక్కన పుస్తకాల మాట రాయాలి. అవ్వ మాటను తప్పని కొట్టేయను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి నుంచి సేకరించిన మాటలతోనే 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, వచ్చింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. అంత పెద్ద పండితుడు చెవి ఒగ్గిన మాటలవి.

పిల్లల చేతికి సోషల్ మీడియా ఇస్తారా అని నన్ను అడిగేవాళ్లున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. 2023లో మన దేశం చేసిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ వంటి వాటిలో ఖాతాలే వద్దంది. నేనూ ఆ పక్షమే. మా పిల్లలకు సొంత ఖాతా అక్కర్లేదు. గ్రూప్‌లో ఉన్నవి అమ్మానాన్నల నంబర్లే. పిల్లల ఫొటోలు పెట్టం. రికార్డు చేసేముందు పెద్దవాళ్లను అడిగి తీరాలి. ఫోన్ లేని ఇళ్లకు సాయంత్రం నా ఫోన్ పట్టుకుని నేనే వెళ్తాను. ఇవన్నీ చేయలేనప్పుడు గ్రూప్ మూసేయడమే మంచిది.

తల్లిదండ్రులకు ఒక మనవి. చాలా ఇళ్లలో ఫోన్ నాన్నతోపాటు పనికి పోయి రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తుంది. ఆ వేళ పిల్ల ఫోన్ అడిగితే కసరకండి. అవ్వ మంచం పక్కన కూర్చుని ఒక్క నిమిషం మాట్లాడించనివ్వండి. పాతరలో దీపం దింపి చూసినవాళ్లు మన ఊళ్లలో ఇక కొద్దిమందే మిగిలారు.