చొక్కా కింది రహస్యం

1978లో వచ్చిన 'సూపర్‌మ్యాన్' సినిమాలో ఒక సన్నివేశం ఉంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సూపర్‌మ్యాన్ ప్రేమించే లోయిస్ లేన్ ఇంట్లో, అతనే మామూలు మనిషి వేషంలో, క్లార్క్ కెంట్‌గా నిలబడి ఉంటాడు. ఆమె పక్కగదిలోకి వెళ్తుంది. నిజం చెప్పేద్దామనిపిస్తుంది అతనికి. కళ్లద్దాలు తీస్తాడు. వంగిన వెన్ను నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు బరువెక్కుతుంది. కోటు అదే, టై అదే, మనిషి మాత్రం వేరు. అంతలోనే ధైర్యం చాలదు. అద్దాలు మళ్లీ పెట్టుకుంటాడు. ఆకాశమంత మనిషి మన కళ్లముందే గుమాస్తా అంత అయిపోతాడు. క్రిస్టఫర్ రీవ్ ఇదంతా ఒక వెన్నెముకతో, ఒక గొంతుతో చేసి చూపించాడు.

"అద్దాలు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ గుర్తుపట్టరా?" అని నవ్వేవాళ్లకు నేను ఈ సన్నివేశం చూపిస్తాను. సూపర్‌హీరో కామిక్స్ అంటే ఎగరడం, గుద్దడం, భవనాలు కూలడం అనుకునేవాళ్లకూ ఇదే చూపిస్తాను. ఎగిరేవాళ్లు మన పురాణాల్లోనూ ఉన్నారు, గ్రీకుల కథల్లోనూ ఉన్నారు. అమెరికా వాడు పది సెంట్ల చవక కాగితం మీద సాధించిన అసలు ఘనత సీక్రెట్ ఐడెంటిటీ. ఒకే ఒంట్లో రెండు బతుకులు, ఆ రెంటి మధ్యా ఒక చొక్కా.

ఈ రుచి తెలుగువాడికి కొత్తది కాదు. విరాటపర్వం విన్నవాళ్లం మనం. గాండీవం జమ్మిచెట్టు మీద, అర్జునుడు అంతఃపురంలో నాట్యం నేర్పుతూ. 1963 'నర్తనశాల'లో రామారావు బృహన్నలగా కనిపించినప్పుడు జనానికి అంత నచ్చిందంటే ఎందుకు? కౌరవసేనను చూసి ఉత్తరుడు గజగజ వణుకుతుంటే, పక్కన పగ్గాలు పట్టుకున్నది ఎవరో మనకు తెలుసు, వాడికి తెలియదు. అజ్ఞాతవాసంలో అసలు ఆనందం దాక్కున్నవాడిది కాదు. తెలిసీ ఊరుకుని చూస్తున్నవాడిది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. 1905లో బారనెస్ ఆర్ట్సీ నవల 'ది స్కార్లెట్ పింపర్నెల్' వచ్చింది. అందులో వీరుడు పైకి పనికిమాలిన సోకులరాయుడు. 1919లో జాన్‌స్టన్ మెకల్లీ జోరోను పుట్టించాడు. వాడూ అదే బాపతు. 1936లో లీ ఫాక్ ఫాంటమ్‌కు ఒంటికి అతుక్కున్న దుస్తులు, కనుపాపలు లేని ముసుగు తొడిగాడు. 1938లో క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షూస్టర్‌ల సూపర్‌మ్యాన్ 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో దిగాడు. పైన వేసుకునే చెడ్డీ సర్కస్ వస్తాదుల నుంచి వచ్చిందంటారు. ఆ ఎరుపు, నీలం, పసుపు నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద నిలిచే రంగులు. హల్క్ మొదటి సంచికలో బూడిదరంగువాడు. ఆ రంగు అచ్చులో కుదురుగా రాక రెండో సంచికకల్లా ఆకుపచ్చ అయ్యాడు. చరిత్రకు ఇది చాలు. పనితనం దగ్గరికి వద్దాం.

మొదటిది ఒళ్లు. కర్ట్ స్వాన్ దాదాపు మూడు దశాబ్దాలు సూపర్‌మ్యాన్‌ను గీశాడు. క్లార్క్‌నూ సూపర్‌మ్యాన్‌నూ ఒకే ముఖంతో గీసి, ఇద్దరు మనుషులుగా నిలబెట్టినవాడు. మెడ కాస్త ముందుకు, కనుబొమలు కాస్త పైకి, అంతే తేడా. ఆ దారిలో ఇంకా ముందుకు పోయినవాడు ఫ్రాంక్ క్వైట్లీ. గ్రాంట్ మారిసన్ రాసిన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' (2005–2008) తీసి చూడండి. మొదటి సంచికలో క్లార్క్ వీధిలో తడబడి ఒకాయన్ను గుద్దేస్తాడు. ఆయన చిరాకుపడతాడు. పైనుంచి ఊడిపడిన శిథిలం ఆయన నెత్తిన పడాల్సింది, ఆ గుద్దుడు వల్లే తప్పిపోయింది. ఆయనకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అయిదో సంచికలో జైల్లో ఉన్న లెక్స్ లూథర్‌ను క్లార్క్ ఇంటర్వ్యూ చేస్తాడు. పక్కన గొడవ చెలరేగుతుంది. కాలు తట్టుకుని పడుతున్నట్టు, కంగారులో చెయ్యి తగిలినట్టు నటిస్తూ తన బద్ధశత్రువు ప్రాణం పదేపదే కాపాడతాడు. లూథర్ మాత్రం సూపర్‌మ్యాన్‌ను తిట్టిపోస్తూ, ఈ అమాయకుణ్ని చూసి జాలిపడుతూ ఉంటాడు. అమ్మా! కామిక్స్‌లో ఇంతకన్నా అందమైన నృత్యం నేను చూడలేదు.

ఎందుకు గుర్తుపట్టరన్న ప్రశ్నకు జాన్ బర్న్ 1987లో సూపర్‌మ్యాన్ కథలో ఇచ్చిన జవాబు ఇంకా లోతైనది. లూథర్ కంప్యూటరే క్లార్క్ కెంట్ సూపర్‌మ్యాన్ అని తేల్చి చెబుతుంది. లూథర్ నమ్మడు. అంత బలం ఉన్నవాడు మామూలు మనిషిలా ఎందుకు బతుకుతాడని కొట్టిపారేస్తాడు. వాడి కళ్లకు గంతలు కట్టింది క్లార్క్ కళ్లద్దాలు కావు, వాడి అహంకారం.

రెండోది ముసుగు. ఇక్కడ నేను దాపరికం లేకుండా స్టీవ్ డిట్కో పక్షం. 1962లో స్టాన్ లీతో కలిసి స్పైడర్‌మ్యాన్‌ను తయారుచేసినప్పుడు డిట్కో ముఖం మొత్తం కప్పేశాడు. నోరు లేదు, పెదవి లేదు, తెల్లటి పెద్ద కళ్లు తప్ప ఏమీ లేవు. హీరో నవ్వు చూపించకుండా హీరోను గీయడం అప్పట్లో పెద్ద సాహసం. ఆ ముసుగు కింద పీటర్ పార్కర్ అనే కుర్రాడు భయపడుతున్నాడో, ఏడుస్తున్నాడో ఎదుటివాడికి తెలియదు. పాఠకుడికి తెలియాలి కదా, అందుకని డిట్కో ఒక చిట్కా వేశాడు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పీటర్ ముఖంలో సగం మీద స్పైడర్‌మ్యాన్ ముసుగు తేలినట్టు గీశాడు. ఒక్క గీత రెండు బతుకులను విడదీసి, మళ్లీ కలిపేసింది.

1966 నాటి స్పైడర్‌మ్యాన్ కామిక్ 33వ సంచికలో అతను పెద్ద యంత్రం కింద నలిగిపోతుంటాడు. పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. మే అత్తయ్య ప్రాణం నిలిపే మందు కళ్లెదుటే ఉంది, చెయ్యి అందదు. పేజీ తరవాత పేజీ ఆ బరువు కిందే సాగి, చివరికి యంత్రం పైకి లేచిన క్షణం ఒక పేజీ నిండా విచ్చుకుంటుంది. అంత బరువు ఎత్తింది సాలీడు బలం కాదు, పెంచిన తల్లి కోసం పీటర్ పడిన తపన. ముసుగు కింద పీటర్ లేకపోతే ఆ పేజీకి అర్థమే లేదు. ఇదే పీటర్ తన ఫొటోలు తానే తీసి, తనను రోజూ తిట్టిపోసే జేమ్సన్ పత్రికకు అమ్ముకుంటాడు. ఆ డబ్బుతోనే ఇల్లు గడవాలి మరి. ఇంతకన్నా చేదైన జీతం ఏ కథలో ఉంది?

మూడోది నా ప్రాణం: ఆలోచన బెలూన్. చిన్నప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలు చిరిగిన పాత అమెరికన్ కామిక్స్ ఏరుకునేవాణ్ని. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా ఒక సంగతి నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నున్నటి గీత గీసి, కొనదేలిన తోక పెడితే అది నోటితో అన్న మాట. మబ్బులా వంకరటింకర గీత గీసి, కింద మూడు చిన్న బుడగలు వదిలితే అది నోరు దాటని మాట. ఒకే గడిలో క్లార్క్ లోయిస్‌తో ఒకటి అంటున్నాడు, నెత్తి మీది మబ్బులో వేరే నిజం ఉంది. నాటకంలో స్వగతం చెప్పాలంటే మిగతావాళ్లు ఆగాలి. కామిక్‌లో ఎవరూ ఆగనక్కర్లేదు. మాట, మనసు పక్కపక్కనే ఒకే క్షణంలో నిలబడతాయి. సీక్రెట్ ఐడెంటిటీ కోసమే పుట్టిందా అనిపించే పనిముట్టు ఇది. ఆర్టీ సైమెక్, శామ్ రోజెన్ లాంటి అక్షరశిల్పులు చేత్తో చెక్కిన ఆ మబ్బులకు ఎవరైనా సన్మానం చేశారా?

రహస్యం దాచే ఈ కళకు ఎంత ప్రాణం పెట్టేవారో చూడండి. 'యాక్షన్ కామిక్స్' 309వ సంచికలో సూపర్‌మ్యాన్, క్లార్క్ ఇద్దరూ ఒకేసారి జనం ముందు కనిపించాల్సిన ఇరకాటం వస్తుంది. క్లార్క్ వేషం వేసి ఆదుకున్నది ఎవరనుకున్నారు? ప్రెసిడెంట్ కెనడీ! ఆయన హత్య జరిగిన కొద్దివారాలకే ఆ సంచిక అంగళ్లలోకి వచ్చింది. దేశాధ్యక్షుణ్ని కూడా రహస్యానికి కాపలా పెట్టిన కథ అది. బ్యాట్‌మ్యాన్ మొదటి కథ (1939) ఆరు పేజీలే. మొదట్లో కమిషనర్ పక్కన విసుగ్గా కూర్చున్న డబ్బున్న కుర్రాడే బ్యాట్‌మ్యాన్ అని చివరి గడి దాకా చెప్పలేదు రచయిత బిల్ ఫింగర్. ఆ ఫింగర్ పేరు సృష్టికర్తగా అధికారికంగా ఎక్కింది 2015లో. ఆయన పోయింది 1974లో! సీగెల్, షూస్టర్‌లు సూపర్‌మ్యాన్‌ను రాసిచ్చింది 130 డాలర్లకు. రహస్యాలు కాపాడే వీరులను మనకిచ్చినవాళ్లనే లోకం అజ్ఞాతంలో ఉంచేసింది. తలచుకుంటే కడుపు రగులుతుంది.

ఇప్పుడు ఆ రహస్యానికే చావొచ్చింది. 1986లో 'వాచ్‌మెన్', 'ది డార్క్ నైట్ రిటర్న్స్' ఆలోచన బెలూన్‌ను పక్కన పెట్టాయి. వాటిని చేసినవాళ్లు మహానుభావులు, వాళ్లకు చెల్లింది. వెనక వచ్చినవాళ్లు ఆ పుస్తకాల్లోని ప్రతిభను వదిలేసి, బెలూన్ తీసేయడం ఒక్కటే నేర్చుకున్నారు. మబ్బులు పోయి, చదరపు డబ్బాల్లో బరువైన మాటలు వచ్చాయి. మనసుకు గూడు పోయాక దాచుకోవడానికి ఏం మిగులుతుంది?

2006 'సివిల్ వార్'లో పీటర్ పార్కర్ విలేఖరుల ముందు ముసుగు లాగేశాడు. నలభై నాలుగేళ్ల రహస్యం ఒక్క గడిలో ఖర్చయిపోయింది. తీసినవాళ్లకు దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు. మరుసటి ఏడాదే సైతాను లాంటి మెఫిస్టోతో బేరం పెట్టించి, పీటర్ పెళ్లిని బలిచ్చి, లోకం జ్ఞాపకం చెరిపేశారు. 2008లో 'ఐరన్ మ్యాన్' సినిమా చివర టోనీ స్టార్క్ తానే ఐరన్ మ్యాన్ అని బయటపెట్టుకున్నాడు. ఆ ఒక్క పాత్రకు అది అతికింది. అది చూసి అందరూ అదే బాట పట్టారు. నటుడి ముఖం మీద కోట్లు పెట్టారు కాబట్టి, పోరాటం మధ్యలో కూడా ముసుగు కంప్యూటర్ మాయతో కరిగిపోయి ముఖం బయటపడాలి! 2019లో క్లార్క్ కెంట్ కూడా లోకమంతటికీ నిజం చెప్పేశాడు. ఇది నిజాయితీ అన్నారు. కాదు, బద్ధకం. దాపరికం రాయడం కష్టం, బయటపెట్టడం తేలిక.

ముసుగు తీయకూడదని నేననను. తీస్తే దానికి తగ్గ వెల చెల్లించాలి. 1986లో ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లీ 'డేర్‌డెవిల్'లో చేసిన 'బార్న్ అగెయిన్' చూడండి. ఒకప్పుడు ప్రేమించిన కేరెన్ పేజ్, మత్తుమందు కోసం డేర్‌డెవిల్ ముసుగు కింది మ్యాట్ మర్డాక్ రహస్యం అమ్మేస్తుంది. అక్కణ్నించి వాడి ఉద్యోగం, ఇల్లు, బుద్ధి అన్నీ ఒక్కొక్కటే కూలిపోతాయి. రహస్యం విలువ ఎంతో పోయాక తెలుస్తుంది. సామ్ రైమీ తీసిన 2004 'స్పైడర్‌మ్యాన్ 2'లో రైలును ఆపి స్పృహ తప్పిన పీటర్ ముఖం ప్రయాణికులంతా చూస్తారు. ముసుగు తెచ్చి చేతిలో పెడతారు, ఎవరికీ చెప్పం అంటారు. ఒక రైలెడు జనం రహస్యంలో వాటాదారులయ్యారు! ముసుగు తీసి కూడా ముసుగు పరువు నిలబెట్టిన సన్నివేశం అది.

ఆశ లేకపోలేదు. 2014లో జి. విల్లో విల్సన్, ఏడ్రియన్ ఆల్ఫోనా 'మిస్ మార్వెల్'గా జెర్సీ సిటీ పాకిస్తానీ కుటుంబపు పిల్ల కమలా ఖాన్‌ను తెచ్చారు. అమ్మానాన్నలకు తెలియకుండా బయటికి వెళ్లి రావడమే ఆ పిల్లకు మొదటి సాహసం. చాలాకాలానికి అమ్మ దగ్గర నిజం చెప్పబోతే, అమ్మకు అప్పటికే తెలుసు. తెలిసీ ఊరుకుంది. మన ఇళ్లలో ఇలాంటి అమ్మలు ఎంతమంది లేరు!

అదే నేను కామిక్స్ రాసేవాళ్లను వేడుకునేది. తెలిసీ ఊరుకునే ఆ చోటు మా పాఠకులది. దాన్ని మా నుంచి లాక్కోకండి. పాత సూపర్‌మ్యాన్ కథల చివర లోయిస్ ఏదో అనుమానపడుతుంటే, క్లార్క్ మనవైపు తిరిగి కన్ను గీటేవాడు. 1986లో ఆ పాత సూపర్‌మ్యాన్‌కు వీడ్కోలు కథ ఆలన్ మూర్ రాస్తే కర్ట్ స్వాన్ గీశాడు. సూపర్‌మ్యాన్ లేడని లోకం అనుకుంటుంది. ఒక మామూలు ఇంట్లో లోయిస్, మెకానిక్ భర్త, చంటివాడు. చంటివాడు బొగ్గుముక్కను పిడికిట్లో నలిపితే వజ్రం బయటపడుతుంది. చివరి గడిలో ఆ భర్త తలుపు మూస్తూ మనవైపు చూసి కన్ను గీటుతాడు.

ఆ తలుపు మూసి చాలాకాలమైంది. అవతల ఉన్నది ఎవరో మేం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మళ్లీ తెరవండి.