హద్దుకొయ్యలూ, బెరెట్ భయమూ

ఓ.ఇ. రోల్వాగ్ నవల 'జెయింట్స్ ఇన్ ది ఎర్త్'ను ప్రకృతితో మనిషి చేసిన పోరాటంగా చదవడం పరిపాటి. 1924-25లో నార్వేజియన్‌లో రెండు భాగాలుగా, 1927లో ఇంగ్లీషులో వెలువడిన ఈ నవలలో ఆ పోరాటం లేకపోలేదు. 1873లో డకోటా గడ్డిమైదానంలో దిగిన కొద్ది నార్వే కుటుంబాలు మట్టిపెళ్లలతో ఇళ్లు కట్టుకుంటాయి. మిడతల దండు పంటను ఊడ్చేస్తుంది. కాని అసలు ఘర్షణ మిడతలతో కాదు, ఒకే కప్పుకింద బతుకుతున్న పెర్ హన్సాకూ బెరెట్‌కూ మధ్య.

1862 చట్టం ప్రకారం అయిదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతమవుతాయి. పెర్ హన్సాకు అది రాజ్యమే. అతనికి ఒకనాడు తోటివాళ్ల భూముల్లో ఐరిష్ పేర్లు చెక్కిన హద్దుకొయ్యలు కనబడతాయి. ఎవరికీ చెప్పకుండా పీకి, కాల్చేస్తాడు. తర్వాత ఐరిష్ వాళ్లు వచ్చి గొడవపడి, హక్కు నిరూపించుకోలేక తప్పుకుంటారు. ఊరంతా పెర్ హన్సాను మెచ్చుకుంటుంది. పరుల హద్దు జరపడం ఘోరపాపమని నమ్మే నేలనుంచి వచ్చిన బెరెట్ మాత్రం వణికిపోతుంది.

బెరెట్‌ను మతిచలించిన మనిషిగా, మహా అయితే మూఢభక్తురాలిగా కొట్టిపారేసే విమర్శ నాకు మింగుడు పడదు. మిడతలొచ్చిన రోజున ఆమె పసిపిల్లలతో సహా పెద్దపెట్టెలో దాక్కున్నమాట నిజమే. ఆమె మాట్లాడేది పాపపుణ్యాల భాషే. అయితే ఆ భాషలో ఆమె అడిగే ప్రశ్న ఆస్తి గురించి. మంచి భర్త, కష్టజీవి, నవ్వు మొహంవాడు: అలాంటివాడు భూమికోసం ఏం చేయడానికి సిద్ధపడ్డాడన్నదే ఆమె భయం. పుట్టిన బిడ్డకు తండ్రి 'విక్టోరియస్' అని పేరు పెడితే ఆమె బెదిరిపోవడంలో పిచ్చేముంది?

రోల్వాగ్ ఆగిపోయిన చోటు మరొకటుంది. పెర్ హన్సా భూమిలోని గుట్టమీద ఒక ఇండియన్ సమాధి ఉంది. ఆ ప్రాంతాన్ని యాంక్టన్ తెగ 1858 ఒప్పందం కింద అమెరికా ప్రభుత్వానికి వదులుకుంది. నవలలో ఇండియన్లు దారినపోతూ ఆగుతారు. పెర్ హన్సా ఒకడి చేతిగాయానికి వైద్యం చేస్తాడు, వాళ్లు ఒక గుర్రాన్నిచ్చి వెళ్లిపోతారు. ఐరిష్ కొయ్యల మీద అంత రాసిన రచయిత ఈ సమాధిని దాటి ముందుకు పోలేదు. దాన్ని చూసి బెరెట్ కలతపడుతుంది. భర్త మాత్రం ఆ గుట్టచుట్టూ దున్నుకుంటాడు.