మట్టిదారి బండి, చేతిలో పానా

వాగులో మునిగి ఆగిపోయిన బండికి సెల్ఫ్ నొక్కకూడదు. మన్యం దారులు పట్టే కొత్తవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే. గాలి ఒత్తిడికి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. బండిని ఒడ్డుకు నెట్టాలి. స్పార్క్ ప్లగ్ విప్పి, పై గేరులో వేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ నీళ్లన్నీ బయటకు కక్కించాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో చేరిన నీళ్లు కూడా తీసేయాలి. చివరగా ఆయిల్ చూడాలి. అది పాలు పోసిన టీ రంగుకు తిరిగితే నీళ్లు కలిసినట్టే, మార్చేదాకా ఇంజన్ ముట్టుకోకూడదు.

ఇంత పనికీ కావలసినవి ఒక ప్లగ్ పానా, కాస్త ఓపిక. తారు రోడ్డు మీదా మట్టిదారిలోనూ తిరిగే చిన్న బండి గొప్పతనం ఇక్కడే ఉంది. 1968లో యమహా డీటీ-1తో ఈ తరహా బండ్లకు పెద్ద ఎత్తున గిరాకీ మొదలైంది. 1985లో అదే కంపెనీ జపాన్‌లో సెరో అనే బండిని తెచ్చింది. సెరో అంటే కొండల్లో తిరిగే, మేకను పోలిన జంతువు. వేగం కోసం కాదు, తేలిగ్గా ఎక్కడికైనా పోవడానికి చేసిన ఆ బండి 2020 దాకా అమ్ముడైంది. మన దేశంలో హీరో కంపెనీ 2011లో ఇంపల్స్ తెచ్చింది. దాన్ని జనం పెద్దగా పట్టించుకోలేదు. 2019లో అదే కంపెనీ నుంచి ఎక్స్‌పల్స్ 200 వచ్చాకే మధ్యతరగతి కుర్రాడికి అలాంటి బండి మళ్లీ అందుబాటులోకి వచ్చింది. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాలది, నేలకూ ఇంజన్‌కూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు, 199.6 సీసీల ఒంటి సిలిండర్. పడిపోతే సాయం లేకుండా లేపుకోగలిగిన బరువు.

ఇంపల్స్ ఆగిపోయి ఏళ్లు గడిచినా ఇంకా కొన్ని తిరుగుతున్నాయంటే ఓ కారణం ఉంది. దాని ఇంజన్ హంక్ బండితో పంచుకున్నది. సామాను ఊరూరా దొరికే ఇంజన్‌కు చావు తొందరగా రాదు. ఈ తరహా బండి కొనేవాళ్లు హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సింది ఇదేనని ఈ రచయిత అభిప్రాయం.

చెయిన్ దగ్గర చాలామంది పొరబడతారు. మామూలు బండి అలవాటుతో బిగుతుగా పెట్టించేస్తారు. ఈ బండ్ల వెనక షాక్ అబ్జార్బర్ చాలా దూరం కదులుతుంది. గుంతలో దిగి చక్రం పైకి లేచినప్పుడు ఇంజన్ స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వస్తాయి. చెయిన్ అన్నిటికంటే బిగిసేది ఆ క్షణంలోనే. నిలబెట్టినప్పుడు తగినంత వదులు లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మోయాలి. ఎంత వదులో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఓ-రింగ్ చెయిన్‌ను పెట్రోల్‌తో కడిగితే రబ్బరు రింగులు పాడైపోతాయి. కిరోసిన్, మెత్తని బ్రష్ చాలు.

ఇక పుల్లల చక్రం. అల్లాయ్ చక్రం రాయికి తగిలితే పగలొచ్చు. పుల్లల చక్రం వంగుతుంది, వంగినదాన్ని మళ్లీ సరిచేయవచ్చు. పాత మెకానిక్కులు చిన్న పానాతో ఒక్కో పుల్లనూ తడుతూ పోతారు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైన దాన్ని ఒక్కసారే బిగిస్తే రిమ్ ఆ పక్కకు లాగబడుతుంది. కాబట్టి పావు మలుపు చొప్పున, ఎదుటి వైపు పుల్లలనూ చూసుకుంటూ, చక్రం తిప్పి వంపు ఎటుందో గమనిస్తూ బెండు తీయాలి. ఓపికకూ చెవికీ ఇది పరీక్ష. ఊళ్లో సైకిల్ షాపు నడిపిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ పని ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

టాపెట్ల విషయంలో మెకానిక్ షెడ్లలో పుట్టిన వివేకం ఒకటుంది: శబ్దం చేసే టాపెట్ కంటే శబ్దం మానేసిన టాపెట్‌తోనే ప్రమాదం. టాపెట్‌కూ వాల్వ్‌కూ మధ్య సందు ఎక్కువైతే టకటకమంటుంది, అంతే. సందు తగ్గిపోతే ఏ చప్పుడూ ఉండదు. వాల్వ్ పూర్తిగా మూసుకోదు, వేడి వదిలించుకోలేదు, చివరికి కాలిపోతుంది. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చిన చోట, ఫీలర్ గేజ్ పెట్టి కొలవాలి. చెవితో సెట్ చేస్తామనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఆయిల్ గురించి రెండు మాటలు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ క్లచ్‌కూ ఒకే ఆయిల్. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలిపి ఉండొచ్చు, వాటితో క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు చూసి కొనాలి. డ్రైన్ బోల్టు బలంకొద్దీ బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

నీళ్ల పైపు ఒత్తిడితో కడిగించడం అందరికీ సరదా. ఆ ధారే చక్రాల బేరింగుల్లోకీ కోన్ సెట్‌లోకీ నీళ్లు ఎక్కించి గ్రీజు కొట్టుకుపోయేలా చేస్తుంది. బకెట్టు, గుడ్డ మేలు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ స్థిరపడింది. ఇక చేతిపని అయిపోయిందని నిట్టూర్చేవాళ్లున్నారు. అది సగమే నిజం. సెన్సర్ చెడిపోతే కంప్యూటర్ పెట్టి చూడాలి, బ్యాటరీ పూర్తిగా దిగిపోతే నెట్టినా స్టార్ట్ కాకపోవచ్చు. కానీ చెయిన్, పుల్లలు, టాపెట్లు, కేబుళ్లు, ట్యూబులు మారలేదు. అనుభవజ్ఞులు ఇప్పటికీ పాత కేబుల్ పక్కనే మరో క్లచ్ కేబుల్ లాగి కట్టి ఉంచుతారు. తెగితే రెండు కొసలూ మార్చుకుంటే సరి. హ్యాండిల్ మీద లివర్ల క్లాంపులను కొద్దిగా వదులుగా ఉంచుతారు. బండి పడినప్పుడు లివర్ విరగదు, పక్కకు తిరుగుతుంది.

అన్నిటికంటే ముందు నేర్వాల్సింది పంచర్. ఇంటి ముందు, తీరిక ఉన్న ఆదివారం వెనక చక్రం విప్పండి. టైరు అంచు రిమ్‌ను వదలకపోతే మరో బండి సైడ్ స్టాండ్‌తో నొక్కించండి. ట్యూబు తీశాక టైరు లోపల జాగ్రత్తగా తడిమి తుమ్మముల్లు దొరికేదాకా వదలకండి. అది అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది. ఎక్కించేటప్పుడు ట్యూబులో కాస్త గాలి ఉంచి, వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. అంచును రిమ్ నడిమి గాడిలోకి నొక్కి పెడితే చివరి జానెడు సులువుగా ఎక్కుతుంది. మొదటిసారి ట్యూబును లివర్‌తో నొక్కి చీల్చే అవకాశం ఎక్కువ. కాబట్టి అడవిలో కాక, పంచర్ షాపు దగ్గరున్న చోటే ఆ మొదటిసారి కానివ్వండి.