ఠాణా పుస్తకాల పనితనం

మహారాష్ట్రలోని చంద్రాపూర్‌కు మొదటి కాపలాదారు కోటగోడ. గోండు రాజు ఖాండక్యా బల్లాల్ షా వేటకు వెళ్తే, ఒక కుందేలు ఆయన వేటకుక్కనే చుట్టూ తిప్పి తరిమిందట. ఆ అడుగుజాడల వెంటే కోట కట్టించమని రాణి సలహా ఇచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, గోడ కట్టిన తీరులో మంచి ఆలోచన ఉంది. జట్‌పురా, బిన్‌బా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అని నాలుగు దర్వాజాలు. వాటికి తోడు ఐదు ఖిడ్కీలు, అంటే చిన్న వాకిళ్లు. అందులో ఒకదాని పేరు చోర్ ఖిడ్కీ. ఇంత పెద్ద ఊరికి రాకపోకలన్నీ తొమ్మిదిచోట్లే. ఆ తొమ్మిదింటినీ కాస్తే ఊరంతా కాసినట్టే.

గోడ తరవాత కాపలా పోలీసుల వంతు. 1854లో నాగపూర్ రాజ్యం ఇంగ్లీషు కంపెనీ పాలైంది. చంద్రాపూర్ అప్పటి పేరైన చాందాతో ఒక జిల్లా అయింది. 1861లో పోలీసు చట్టం, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రెండూ వచ్చాయి. జిల్లాకు ఒక పోలీసు సూపరింటెండెంటు, ఆయన మీద జిల్లా మేజిస్ట్రేటు అజమాయిషీ ఏర్పడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1951 నాటి బొంబాయి పోలీసు చట్టం ఇక్కడికీ వర్తించింది. 1964లో చాందా చంద్రాపూర్ అయింది. 1982లో గడ్చిరోలి విడిపోతూ తెలుగు మాట్లాడే సిరోంచను తనతో తీసుకుపోయింది. నాగపూర్‌లా కమిషనర్ ఏలుబడిలోకి వెళ్లకుండా, చంద్రాపూర్ ఇప్పటికీ ఎస్పీ కిందే ఉంది.

ఈ తారీఖుల కంటే నాకు ముచ్చటగా అనిపించేవి ఠాణా బల్లమీది పుస్తకాలు. మా ఊర్జానగర్ వాళ్లకు దగ్గరి ఠాణా దుర్గాపూర్‌ది. అక్కడైనా, ఊళ్లోని మరే ఠాణాలోనైనా పుస్తకాల అమరిక ఒకటే.

మొదటిది స్టేషన్ డైరీ. 1861 చట్టం 44వ సెక్షనులో దీనికి పునాది ఉంది. వచ్చిన ఫిర్యాదులు, పట్టుకున్నవాళ్ల పేర్లు, దొరికిన సొత్తు, ఆయుధాలు, విచారించిన సాక్షులు అన్నీ ఇందులోకి ఎక్కాలి. ప్రతి పద్దుకూ వరస నంబరు, టైము వేస్తారు. 11 గంటల పద్దు కింద 12 గంటల పద్దు పడిందంటే, రెంటి నడుమ ఇంకో పద్దు దూర్చడానికి జాగా ఉండదు. జిల్లా మేజిస్ట్రేటు కోరితే ఈ పుస్తకం చూపించాలని కూడా ఆ సెక్షనులోనే రాశారు. రాసేవాడి నిజాయితీని నమ్మి ఊరుకోకుండా, రాత మీదే కాపలా పెట్టారు. నేను మెచ్చుకునేది ఆ ముందుచూపునే.

రెండోది ఎఫ్.ఐ.ఆర్. ఫిర్యాది నోటితో చెప్తాడు, అమల్దారు, అంటే డ్యూటీలో ఉన్న పోలీసు, రాసుకుంటాడు, రాసింది తిరిగి చదివి వినిపిస్తాడు, ఫిర్యాది సంతకం పెడతాడు. ఒక ప్రతి ఫిర్యాదికి ఉచితంగా ఇస్తారు. ఇంకొకటి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు వెళ్లాలి. ఈ రెండో ప్రయాణంలోనే అసలు కిటుకు ఉంది. ఒకే రాత మూడు వేరువేరు చేతుల్లో ఉన్నాక, ఏ ఒక్కరు దిద్దినా మిగతా రెండూ ఆ దిద్దుబాటును పట్టిస్తాయి. నేరం జరిగినట్టు కబురందీ ఎఫ్.ఐ.ఆర్ రాయని అలవాటు మీద లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమని కబురులోనే తేలితే ఎఫ్.ఐ.ఆర్ కట్టి తీరాలని చెప్పింది. వచ్చిన సమాచారమంతా డైరీలోకి ఎక్కాలని కూడా అదే తీర్పు గుర్తుచేసింది.

ఇక ముద్దేమాల్, అంటే జప్తు చేసిన సొత్తు. నాకు దీన్ని మించిన చేతిపని ఠాణాలో కనబడదు. చోటు చూసి పంచనామా రాయడానికి ఇద్దరు పంచులను, అంటే సాక్షులను, పిలుస్తారు. దొరికింది కత్తి అనుకుందాం. దాన్ని పొట్లం కట్టి, గుడ్డలో చుట్టి, దారంతో బిగిస్తారు. ముడి మీద లక్క కరిగించి పోసి, వేడి తగ్గకముందే ముద్ర నొక్కుతారు. పంచుల సంతకాలున్న చీటీ పొట్లానికే అంటుకుని ఉంటుంది. దారం తెంపకుండా పొట్లం విప్పలేం. తెంపితే లక్క పగులుతుంది. మళ్లీ లక్క పోసినా, ముద్ర లేకుండా పాత రూపు రాదు. అందుకే నిపుణుల ల్యాబులో పొట్లం విప్పేముందు ముద్ర చెక్కుచెదరకుండా ఉందా లేదా అని చూసి రాసుకుంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను, సోదా చేస్తున్నంతసేపూ వీడియో తీయాలని చెప్తోంది. లక్క పని లక్క చేస్తుంది, కెమెరా దానికి ఇంకో సాక్షి.

దర్యాప్తు అధికారి రోజువారీ రాసే కేసు డైరీ వేరు. కబురు ఎప్పుడు అందింది, దర్యాప్తు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఎక్కడెక్కడికి వెళ్లాడు అన్నీ రాయాలి. విడి కాగితాలు కుదరవు. ఒకే సంపుటిగా, పేజీల నంబర్లతో ఉండాలన్నది చట్టం మాటే. పేజీ చింపితే నంబరు వరస తప్పుతుంది. కోర్టు దీన్ని తెప్పించుకుని చూడొచ్చు గానీ, సాక్ష్యంగా వాడకూడదు. అధికారి మనసులోని అనుమానాలు కూడా ఇందులో ఉంటాయి కనుక ఆ గీత గీశారు. చక్కటి గీత అది.

సరిహద్దు ఊళ్లలో ఉండే మనబోటివాళ్లకు బాగా అక్కరకొచ్చేది జీరో ఎఫ్.ఐ.ఆర్. ఆసిఫాబాద్‌లో సంచి చోరీ అయి, రాజురా దాటి చంద్రాపూర్ వచ్చాక తెలిసిందనుకోండి. నేరం మా హద్దులో జరగలేదని ఇక్కడి ఠాణా తిప్పిపంపకూడదు. సంహిత 173వ సెక్షను ప్రకారం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. తమ వరస నంబరు ఇవ్వకుండా సున్నా నంబరుతో నమోదు చేసి, ఆసిఫాబాద్ ఠాణాకు పంపుతారు. అక్కడ దానికి అసలు నంబరు పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. రాత మరాఠీలో ఉంటుంది కాబట్టి, మీరు చెప్పిన మాటే అందులో పడిందో లేదో తెలిసేలా చదివి వినిపించమని అడగండి. అడిగే హక్కు మీకు ఆ సెక్షనులోనే ఉంది.