పత్తి కాయిదం

నా ముందున్న కాయిదానికి నాలుగు అంచులూ నూగు నూగుగా ఉన్నాయి. కత్తెర తగలని అంచులవి. తొట్టి నీళ్లలో తేలే గుడ్డ గుజ్జును జల్లెడతో లేపినప్పుడు, జల్లెడ మీద పెట్టిన చట్రం కిందికి కాస్త జారిన గుజ్జు ఇట్లా పలుచగా ఆరిపోతుంది. జైపూర్ పక్కన సాంగానేర్‌లో కాగజీ కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది.

వెలుతురుకు ఎత్తి చూడండి. ఎక్కడా ముద్ద కట్టకుండా అంతటా ఒకే తీరుగా వెలుగు దిగిందంటే, జల్లెడ లేపిన చేతికి గొప్ప నిదానం ఉన్నట్టు. లేపిన ఆ క్షణంలోనే ముందుకూ పక్కకూ ఊపి పోగులను అన్ని దిక్కులకూ కలిపేస్తారు. మిల్లు కాయిదంలో పోగులు ఎక్కువగా యంత్రం పరుగెత్తే దిక్కుకే పడుకుంటాయి. అందుకే అది ఒక వైపు తిన్నగా చిరిగి, ఇంకో వైపు వంకర్లు పోతుంది.

ఈ గుజ్జు పత్తిది. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ చేలల్లో ఏరేలాంటి పత్తే. బట్టలు కుట్టగా మిగిలిన నూలు పీలికలో, జిన్నింగ్ అయ్యాక కూడా గింజను వదలని పొట్టి నూగో దీనికి ముడిసరుకు. న్యూస్‌పేపర్‌ను ఎండలో పచ్చగా మార్చేది చెక్కలోని లిగ్నిన్. పత్తిలో అది ఉండదు.

బరువు సంగతి తేలికే. నీటిరంగులకు 300 జీఎస్ఎం అడగండి, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు. ఏ4 షీటు దాదాపు 19 గ్రాములు తూగుతుంది, మామూలు జిరాక్స్ కాయిదానికి నాలుగింతలు. తడిసినా ముడతలు తక్కువ. ఉత్తరాలు రాయడానికి అంత మందం అక్కర్లేదు. నేనైతే 100 దగ్గర ఆగుతాను.

అసలు పనితనం గంజిలో ఉంది. మా జిల్లాలోనే గట్టుప్పల మగ్గాల మీద పడుగు పోగు రేగకుండా గంజి పెడతారు కదా, కాయిదానికీ అంతే. గంజి చాలకపోతే సిరా కాళ్లు చాస్తుంది. మరీ ఎక్కువైతే రంగు లోపలికి దిగదు. ఒక మూల మీద నీటి చుక్క వేస్తే అది కాసేపు పూసలా నిలబడి, తర్వాత మెల్లగా ఇంకాలి. ఆ కాసేపు కోసమే నేను రెట్టింపు ధర ఇస్తాను.

ఈ గంజి పనికి మిల్లులు వేరే దారి పట్టాయి. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన గుగ్గిలాన్ని పటికతో గుజ్జుకు పట్టించే పద్ధతి చెప్పాడు. చౌక, సులువు. కానీ పటిక వల్ల కాయిదంలో ఆమ్లం మిగిలి, ఏళ్లు గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. వందేళ్లనాటి పుస్తకం పేజీ తిప్పితే మూల విరిగి చేతికి రావడం చాలావరకు దీనివల్లే. మా నల్లగొండ వాళ్లకు పటిక కొత్తది కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన ఊళ్ల కోసం నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించి, మా జిల్లా పేరే పెట్టిన పద్ధతిలో నీళ్లను తేర్చేది పటికా సున్నమూ కలిసే. నీళ్లకు మేలు చేసిన పటిక కాయిదానికి కీడైంది. సున్నం మాత్రం రెండింటికీ మేలే చేసింది. పాత రికార్డులు పెళుసెక్కితే, సిరా చెదరదని చూసుకున్నాక, భద్రపరిచేవాళ్లు వాటిని సున్నపు తేటలో ముంచి తీసి ఆరేస్తారు. మంచి కాయిదం చేసేవాళ్లు ఆ సున్నాన్నే సుద్దపొడిగా ముందే గుజ్జులో కలిపేస్తారు.