మొదటి బంతికి ఎంతమంది?

ఊరి కోసం వెబ్‌సైటు అన్న ఆలోచన కుప్పానికి కొత్తది కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టింది. మూడేళ్ల ప్రణాళిక అది. పల్లెల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళల చేతికి డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు వచ్చాయి. అక్కడికక్కడే ఫొటో తీసి, అచ్చు వేసి ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. అప్పటి డయలప్ మోడెం వేగం సెకనుకు మహా అయితే 56 కిలోబిట్లు. ఇవాళ్టి ఫోను తీసే 4 ఎంబీ ఫొటో ఆ తీగ మీద దిగాలంటే దాదాపు పది నిమిషాలు పడుతుంది. ఆ కాలంలో పేజీ తయారుచేసేవాళ్లు ప్రతి బొమ్మనూ తూచి పెట్టక తప్పేది కాదు.

ఇప్పుడు ఇంటర్నెట్ వేగం పెరిగింది, తూచే అలవాటు పోయింది. సంఘానికో సైటు పెడదామని నలుగురు కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ ప్లాను తీసుకుందాం?’ అనే. హోస్టింగ్ అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘అన్‌లిమిటెడ్’. ఈ మాట నమ్మి డబ్బు కట్టేవాళ్లు షరతుల పేజీ అడుగుదాకా వెళ్తే, అక్కడ ఫైళ్లు ఎన్ని ఉండొచ్చో, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడవొచ్చో చిన్న అక్షరాల్లో కనబడుతుంది. ప్లాను సంగతి తర్వాత. ముందు కాగితం, పెన్ను తీసుకోవాలి.

మదనపల్లెలో టమాటా రైతుల సంఘం ఒకటి రోజువారీ మార్కెట్ ధరలు పెట్టే సైటు నడుపుతోందనుకుందాం. రోజుకు 300 మంది, మనిషికి రెండు పేజీలు. అంటే నెలకు 18 వేల పేజీలు. వెబ్‌సైట్లు వాడే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ‘ట’కు మూడు, దాని దీర్ఘానికి ఇంకో మూడు. అలా చూసినా ‘టమాటా’ మొత్తం 15 బైట్లే. పెద్ద ధరల పట్టిక కూడా పది కేబీ దాటదు. డిజైను, ఒక చిన్న ఫొటో కలిపి పేజీ 300 కేబీ అనుకుంటే సర్వరు నుంచి పంపాల్సిన డేటా, అంటే రాకపోకలు, నెలకు 5.4 జీబీ. అదే పేజీలో నాలుగు ఫొటోలు ఫోన్లోంచి తీసినవి తీసినట్టే ఎక్కిస్తే పేజీ 16 ఎంబీ అవుతుంది, నెల లెక్క 288 జీబీకి ఎగబాకుతుంది. చూసేవాళ్లు పెరగలేదు, టమాటా ధరా పెరగలేదు. ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే మామూలుగా 200 కేబీ లోపే ఉంటుంది. ఫోను తెర మీద తేడా ఎవరికీ తెలియదు.

నెల లెక్క ఇంత తేలిగ్గా తేలిపోతుంది. చిక్కంతా రద్దీ గంట లెక్కలో ఉంది. పెళ్లికి కుదిరిన వంటమనిషి మొత్తం జనం ఎంత అని అడిగి ఊరుకోడు, మొదటి బంతికి ఎంతమంది కూర్చుంటారని అడుగుతాడు. సర్వరుకు కూడా ఆ లెక్కే కావాలి.

2023 జులై గుర్తుందా? మదనపల్లెలో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్లింది. అలాంటి రోజున 300 మంది కాస్తా 3 వేలు అవుతారు. వేలం ముగిసి ధర వాట్సాప్‌లో పాకిన ఐదు నిమిషాల్లో వెయ్యి పేజీలు అడిగారనుకుంటే సెకనుకు మూడు చిల్లర. పెద్ద సంఖ్య కాదు. కానీ అవసరం లేని ప్లగిన్లన్నీ తగిలించిన సైటు ఒక్కో పేజీ వండి ఇవ్వడానికి పది సెకన్లు తీసుకుంటే, 30 మందికి పైగా ఒకేసారి వరసలో నిలబడతారు. చౌక ప్లానుల్లో ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల పరిమితి 20 ఉండటం మామూలే. మిగతావాళ్లకు కనబడేది ధర కాదు, ‘508’ అనే ఎర్రర్. ఆ ధరల పేజీని ముందే తయారుచేసి పెడితే, అంటే క్యాష్ చేస్తే, అదే చౌక సర్వరు ఆ తాకిడిని సునాయాసంగా తట్టుకుంటుంది.

ఈ లెక్కలో పెద్దవాళ్లూ బోల్తాపడ్డారు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం తెరిచిన ఆరోగ్య బీమా సైటుకు ఒకేసారి 50, 60 వేల మంది వస్తారని అంచనా వేశారు. రెండున్నర లక్షల మంది వచ్చారని అధికారులే చెప్పారు. మొదటి రోజు చివరిదాకా వెళ్లి బీమాలో చేరగలిగింది ఆరుగురు.

పుంగనూరు లెక్క వేరు. మూడడుగుల పొట్టి ఆవుల పెంపకందార్లు సైటు పెడితే ఏడాదంతా రోజుకు వందమంది వస్తే గొప్ప. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన దృశ్యాలు దేశమంతా చూసింది. అలాంటి రోజున పది వేల మంది వచ్చినా, 300 కేబీ తేలిక పేజీలు మనిషికి రెండు చొప్పున ఆ రోజుకు 6 జీబీ. ఏటా ఒకసారి వచ్చే ఆ రోజు కోసం పెద్ద సర్వరుకు నెలనెలా అద్దె కట్టడం దండగ. పేజీలు స్థిరమైనవైతే గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత సేవ సరిపోతుంది. సైటు 1 జీబీ లోపు, నెలకు సుమారు 100 జీబీ రాకపోకలు దాని హద్దులు.

ఇక మే నెలలో కుప్పం గంగమ్మ జాతర. బెంగళూరులో పనిచేసే కుప్పం వాళ్లకు వీడియో చూపించాలని సంఘం ఉబలాటపడుతుంది. గంట వీడియో ఒక జీబీ అనుకుంటే 500 మంది చూసేసరికి 500 జీబీ. దాన్ని సొంత సర్వరు మీద పెట్టకూడదు. యూట్యూబ్‌లో పెట్టి సైటులో లింకు ఇస్తే చాలు.

ఈ మూడు సైటుల్లో దేనికైనా మొదటి ఏడాది 10 జీబీ స్థలం, నెలకు 100 జీబీ రాకపోకలు ఉన్న అతి చిన్న షేర్డ్ ప్లాను ఎక్కువే. మిగిలిన శ్రద్ధంతా ఇంకోచోట పెట్టండి. మొదటి ఏడాది రాయితీ చూసి మురిసిపోకుండా, రెన్యూవల్‌కు ఎంత కట్టాలో ముందే అడగండి. నెలకోసారి సైటు నకలు వేరే చోట దాచండి. డొమైన్ పేరు మాత్రం సైటు చేసిపెట్టిన కుర్రాడి పేరున కాకుండా, సంఘం పేరున, సంఘం ఈమెయిల్‌తో రిజిస్టర్ చేయించండి.